మైల దినాల్లో కదలని నేల

పోయిన వారం మనం వనజను కామారెడ్డిలో ఓ ఆఫీసు గదిలో నోరు తెరిపించి, ఆ నోట్లోంచి మాట బయటికి రాకముందే వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ అలాగే ఉంది. ముందు ఆమె సంగతి చూద్దాం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్న వాళ్ల కోసం రెండు ముక్కలు. వనజది ఎల్లారెడ్డి దగ్గర ఎర్రకుంట. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు. వానాకాలం వెనకబడుతుండగా ఆ ఊరి కింద నేల కదలడం మొదలైంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గోడలు బీటలు వారాయి. మొన్న అంగన్‌వాడీ వంటగది గోడే కూలింది. పిల్లలు చేతులు కడుక్కోవడానికి బయటికి పోయిన సమయం కాబట్టి బతికిపోయారు. లేకపోతే ఈ కథ రాయడానికి నాకు మనసొచ్చేది కాదు. అంతకు చాలా ముందే, దీపావళి రాకముందే, భూకంపాల మీద పనిచేసే నిహారిక అనే ఆవిడ హైదరాబాదు నుంచి వచ్చి, అంగన్‌వాడీ గదిలో నేల కదలికలు పట్టే మిషను ఒకటి బిగించి, తాను కామారెడ్డిలో మకాం పెట్టింది. గది తాళంచెవి వనజ దగ్గరే ఉంటుంది గనక ఆవిడకు ఏం కావాలన్నా వనజకే ఫోను.

అలా పిలిపించి, తెర మీద గీతలు చూపించి నిహారిక అడిగింది: "దీపావళి తర్వాత కొన్నాళ్లు మీ ఊరి నేల ఉలుకూ పలుకూ లేకుండా ఉంది వనజగారూ. మళ్లీ మొదలైంది. ఆ మధ్యలో ఊళ్లో ఏం జరిగింది?"

ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పే జవాబే వనజా చెప్పింది. "పోచమ్మకు బోనాలు చేసినం మేడం. తల్లి సల్లబడ్డది."

"మీరూ ఎత్తారా బోనం?"

"లేదు మేడం. మాకు అప్పుడు మైల..."

అదిగో, అక్కడ ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది.

వనజ భర్త వెంకటికి చిన్నాయన వరసైన పోచన్న ఆ రోజుల్లోనే పోయాడు. పెద్ద వయసు, పెద్దగా ఏడవాల్సిన చావు కాదు. కాని దాయాదులు గనక పాలోళ్లందరికీ మైల వచ్చింది. ఊరంతా బోనాలు ఎత్తుకుని డప్పులతో పోతుంటే వనజ తన వాకిట్లో నిలబడి చూసింది, గడప దాటలేదు. ఆ ఇంటి మైల వనజ బోనాన్ని ఒక్కదాన్నే ఆపలేదు. ఇంకొకటి కూడా ఆపింది.

"మా బావ మోటరు బంద్ పెట్టిండు మేడం" అంది వనజ, తన మాట తనకే కొత్తగా వినిపిస్తుంటే.

ఇక ఈ బావగారిని పరిచయం చెయ్యకపోతే కథ నడవదు. వెంకటి అన్న సిద్దిరాములు. ఎర్రకుంటలో పసిపిల్లను అడిగినా 'నీళ్ల సిద్దిరాములు' అంటుంది. వయసులో ఉన్నప్పుడు మస్కట్ పోయి, నూనె బావుల దగ్గర పైపులు మోశాడు. అక్కడ ఓ వింత చూశాడు. ఒక బావిలోకి నీళ్లు బలంగా తోస్తే పక్క బావిలోంచి నూనె పైకొస్తుంది. ఆ వింతను బుర్రలో పెట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఊళ్లో చూస్తే అన్నీ ఎండిన బోర్లే. వాన పడ్డప్పుడు వాగు ఒడ్లు ఒరుసుకుని పోతుంది, యాసంగి వచ్చేసరికి తాగడానికి చుక్క ఉండదు. వాగు నీళ్లను ఎండిన బోర్లో దాచుకుంటే పోలా అనుకున్నాడు. తన తండ్రి మొండికేసి పాతాళం దాకా వేయించిన బోరు ఒకటి ఉత్తగా పడి ఉంది. దాంట్లోకి వాగు నీళ్లు పోశాడు. ఆ ఏడు చుట్టుపక్కల బోర్లలో నీళ్లు లేచాయి. జనం దండలు వేశారు. వెయ్యరా మరి?

అక్కడితో ఆగితే దేవుడయ్యేవాడు. ఈ ఏడు వానలు దండిగా పడి బోరు నిండిపోయి, ఇక తాగనని మొరాయించింది. సిద్దిరాములు వింటాడా? మస్కట్ బుర్ర. బోరు నోరు ఇనుప మూతతో బిగించి, ప్రెషరు మోటరు తెచ్చి నీళ్లను లోపలికి తోయడం మొదలుపెట్టాడు.

నిహారిక కుర్చీ ముందుకు జరుపుకుంది. "బోర్లలోకి వాన నీళ్లు ఇంకిస్తున్నామని చెప్పారు నాకు. నోరు బిగించి తోస్తున్నారని ఎవరూ చెప్పలేదే?"

"మాకు రెండూ ఒకటే గద మేడం."

"కావండీ. ఇంకుడు గుంతలు ఎన్ని ఊళ్లలో లేవు? పోయడంలో తప్పులేదు. చిక్కంతా తోయడంతోనే వచ్చింది." ఆవిడ రెండు అరచేతులు ఒకదానికొకటి గట్టిగా ఆనించి పట్టుకుంది. "భూమి లోపల రాతిలో పాత పగుళ్లుంటాయి. రెండు పక్కలా బండలు ఇలా అదుముకుని ఉంటాయి. జారాలని ఎప్పటినుంచో చూస్తుంటాయి, ఆ ఒరిపిడే జారనివ్వదు. మనం మధ్యలోకి నీళ్లు బలంగా ఎక్కిస్తే పట్టు సడలుతుంది." చేతులు చటుక్కున జారాయి. "మనం ఆ బలాన్ని పుట్టించడం లేదు. అది రాతిలోనే ఉంది. మనం గొళ్లెం తీస్తున్నాం, అంతే."

"మరి చిన్నాయన దినాలల్ల మోటరు ఎందుకు ఆగిందనుకున్నరు? మా బావ ఆ బోరును గంగమ్మ లెక్క మొక్కుతడు. రోజూ పసుపు కుంకుమ పెట్టి దీపం ముట్టిచ్చినంకనే మోటరు ఏస్తడు. మైలల ఉన్నోళ్లు గంగమ్మను ముట్టొద్దని దినాలు అయ్యేదాంక స్టార్టరు మీద చెయ్యి పెట్టలే. మోటరు నడిపేది మా ఆయన. ఆయనను గూడ పెట్టనియ్యలే."

నిహారిక గీతల వైపు, వనజ వైపు మార్చి మార్చి చూసింది. "భూమికి మన మైల తెలియదు కదండీ" అంది మెల్లగా. "ఒక్కసారి కుదిరినదాన్ని నేను రుజువు అనను. పైవాళ్లకు రాస్తాను, కలెక్టరు ఆఫీసులో మాట్లాడతాను. రెండు మూడు రోజులు పడుతుంది."

"రేపు పొద్దుగాల్నే కొత్త మోటరు ముట్టిస్తున్నరు మేడం. ఇప్పుడున్నదానికంటె పెద్దది. ఊరంత వస్తున్నది."

ఆవిడ మొహంలో రంగు మారింది. "ఎంత పెద్ద కదలిక రావచ్చో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. మీ ఊళ్లో చూస్తే అన్నీ రాయీ మట్టీ గోడలు. భూకంపం మనుషుల్ని చంపదు వనజగారూ, గోడలు చంపుతాయి. ఆ మోటారు ఆపించగలరా మీరు?"

ఆపించగలరా! ఎంత తేలిగ్గా అడిగేసింది! పెళ్లయ్యాక చదువుకుంటానంటే అత్తింట్లో అందరూ ముక్కు విరిచారు. 'చదువుకోనియ్యిండ్రి, పిల్ల హుషారున్నది' అని ఒక్క సిద్దిరాములే అడ్డం నిలబడ్డాడు. ఎల్లారెడ్డి కాలేజీకి సైకిల్ కొనిచ్చింది ఆయనే. టీచరు నౌకరీ వచ్చిన రోజు ఊరంతా పేడాలు పంచింది ఆయనే. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి, నీ వల్లే ఊళ్లో గోడలు కూలుతున్నాయని చెప్పాలి. ఎవరన్నా చెప్పగలరేమో, తన వల్ల అవుతుందా?

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గాని బయట ఏం పోతున్నాయో చూస్తే కదా. తాడ్వాయి పోయింది, లింగంపేట పోయింది. మనసులో మాటలు కూర్చుకోవడం, కాదనుకుని చెరిపేసుకోవడం. పక్కనున్న ముసలామె "పానం బాగలేదా బిడ్డా?" అని అడిగింది. బాగానే ఉందని వనజ అబద్ధమాడింది. బావకు విడిగా చెబుదాం అనుకుంది. విడిగా చెబితే నవ్వి, టీ తాగిపించి పంపిస్తాడు. ఊరి ముందు చెబితే పరువు తీసినట్టు. ఎటు తిప్పినా అదే లెక్క. ఎల్లారెడ్డిలో దిగి ఆటో ఎక్కేసరికి పొద్దు వాలుతోంది, కడుపులో ఆకలి కూడా చచ్చిపోయింది.

ఊళ్లోకి వస్తే ఊరంతా వాకిళ్లలోనే ఉంది. మధ్యలో నేల కదలని ఆ కొన్నాళ్లు తప్పిస్తే, ఈ నెలన్నరగా ఎర్రకుంటలో గోడల మధ్య కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. మంచాలు బయటే, పొయ్యిలు బయటే. పరదాల కింద చలికి ముడుచుకుని ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లందరికీ పెద్ద గంగమణి. ఊరు ఏ పండుగ చేసినా మొదటి బోనం ఆమెదే.

"ఏమాయెనే వనజా, ఏమన్నదట మీ మిషనమ్మ?" అని కేకేసింది చేతిలో ఆకు ఆపకుండా.

"నువ్వు గూడ రా అవ్వా, బోరు కాడికి" అంది వనజ. ఎందుకు పిలిచిందో ఆ క్షణాన ఆమెకే తెలియదు. ఒంటరిగా పోవడానికి భయమేసిందంటే సరిపోతుంది.

బోరు దగ్గర హడావుడి అంతా ఇంతా కాదు. మామిడాకులు కడుతున్నారు, బంతిపూల దండలు గుచ్చుతున్నారు. కొత్త మోటరు పెళ్లికొడుకులా పసుపు బట్ట కప్పుకుని కూర్చుంది. పాత మోటరు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. దాని మోత చెవులకన్నా ముందు అరికాళ్లకు తెలుస్తుంది. రోజూ వినే మోతే, కాని ఇవాళ వనజకు ఒళ్లు జలదరించింది. వెంకటి పానా పట్టుకుని మూత దగ్గర బోల్టులు బిగిస్తున్నాడు. సిద్దిరాములు తలకు తువ్వాల చుట్టుకుని, దండలు ఎక్కడ వేయాలో అందరికీ ఒకేసారి చెబుతున్నాడు.

"బావా, రేపటి మోటరు ఆపాలె" అంది వనజ. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎందుకే? ముహూర్తం బాలేదన్నదా నీ మిషను?"

అందరూ నవ్వారు. సిద్దిరాములు కూడా నవ్వాడు. ఆ నవ్వులో మరదలి మీద ముద్దే ఉంది గాని వెటకారం లేదు. అందుకే వనజకు ఇంకా కష్టమైంది.

"పోచన్న చిన్నాయన దినాలల్ల మోటరు నడిచిందా బావా?"

"యాడ నడుస్తది? మైల గదా."

"గా దినాలల్ల భూమి కదిలిందా?"

"కదుల్లే. బోనాలైనయి గద, తల్లి సల్లబడ్డది..." అంటూనే సిద్దిరాములు దండ పట్టుకున్న చెయ్యి దించాడు. తెలివైన మనిషి. ఎదుటివాడు ఎటు నడుస్తున్నాడో రెండో అడుగుకే తెలిసిపోతుంది. "ఏందే నువ్వనేది?"

వెంకటి పానా కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు. "ఇంటికి పా వనజా. ఏదున్నా ఇంట్ల మాట్లాడుకుందాం."

"ఇంట్ల కూసునే ధైర్యమున్నదా ఎవలికన్న? గోడలు చూస్తివా నువ్వు?" వనజ మళ్లీ బావ వైపు తిరిగింది. "మోటరు ఆగినప్పుడు భూమి ఆగింది. దినాలైపోయి మళ్ల మోటరు ఏస్తిరి, మళ్ల కదిలింది. బోరు నోరు బిగిచ్చి నీళ్లు తోస్తుంటె లోపల బండలు పట్టు తప్పుతున్నయట. ఉత్తగ పోసినన్ని దినాలు ఏం గాలే బావా. తోసినంకనే అయ్యింది."

"అంటే భూమిని నేను కదిలిస్తున్ననా?" సిద్దిరాములు గొంతు పెరిగింది. "నేనేమన్న ఆదిశేషున్నా? గింత మోటరుకు భూమి కదులుతదా? ఎవలన్న వింటె నవ్వుతరు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం వెనక నుంచి, "పోచమ్మ చేసిన మేలు పక్కన పెట్టి మోటరును పట్టుకున్నది సూడు, చదువు ఎక్కువైతె గిట్లనే" అన్నాడు. దానికి గంగమణి తోడందుకుంది. అందుకోక ఏం చేస్తుంది? తల మీద బోనం మోసింది ఆమె.

"తల్లి జోలికి రాకు వనజా. నెత్తి మీద కుండ పెట్టుకొని, చెప్పులు లేకుంట నడిచిన. మొక్కు చెల్లినంకనే ఊరు కుదుటబడ్డది. నా నోరు తెరిపియ్యకు."

వనజకు ఏడుపొచ్చింది. తల్లి గొప్పా, మోటరు గొప్పా అని వాదం పెట్టుకుని గెలిచినవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉన్నారా? కళ్లు తుడుచుకుంది. ఆడదానికి ఆడదాని పని తెలుస్తుంది. ఆ పని గురించే అడిగింది.

"అవ్వా, గా బోనం ఏడ వండినవ్?"

"ఏడ వండుతరే? ఇంట్లనే. పొయ్యి అలికి, కొత్త కుండ పెట్టి."

"అంతకు ముందు అన్నం ఏడ వండుకున్నవ్?"

"వాకిట్ల. మూడు రాళ్లు పెట్టి. ఇంట్లకు పోవాలంటె పానం దడదడ..."

గంగమణి ఆగిపోయింది.

"మరి బోనం నాడు లోపల ఎట్ల కూసున్నవ్ అవ్వా? దూలం కింద పొయ్యి. అన్నం ఉడికేదాంక. భయం గాలేదా?"

గంగమణి పెదాలు కదిలాయి, చూపు ఎటో పోయింది. ఆ రోజును వెనక్కి తెచ్చుకుంటోందని అందరికీ తెలుస్తూనే ఉంది.

"అప్పటికే కదులుడు బందైంది" అంది చివరికి. "మొక్కు ముందుగాల్నే మొక్కుకుంటిమి. మంగళారం దాంక ఆగితిమి. ఆ మంగళారం వచ్చేనాటికే నిమ్మళమైంది. అందుకే లోపల వండిన." గట్టిగా ఊపిరి తీసుకుంది. "తల్లి పేరు మీద అబద్ధమాడ. పోచన్న పోయినంకనే ఆగింది. బోనానికి ముందుగాల్నే."

గంగమణి అంటే నాకు మొదటినుంచీ గౌరవమే, ఆ రోజుతో అది రెట్టింపైంది. తాను నెత్తిన మోసి తెచ్చిన గొప్పను తానే దించి కింద పెట్టడం మాటలు కాదు. జనంలో గుసగుసలు లేచాయి. 'నిజమే, మేం గూడ ఆ నాడు ఇంట్లనే పండుకుంటిమి' అని ఒకరు, 'మల్ల మోటరు ఏసిన తెల్లారే గద మా గోడ పగిలింది' అని ఇంకొకరు. మాట మాటకు తగులుకుంది.

సిద్దిరాములు ఎవరి వైపూ చూడలేదు. ఉన్నట్టుండి కొత్త మోటరు మీది పసుపు బట్ట లాగి పారేశాడు.

"వైరు తే వెంకటీ. రేపటి దాంక ఎందుకు? ఇప్పుడే ముట్టిస్త. రెండు మోటర్లు నడిపిస్త. ఊరంత ఈడనే నిలబడుండ్రి. భూమి కదులుతదో లేదో తేల్చుకుందాం!"

వెంకటి కదల్లేదు. అన్న మాటకు ఎదురు చెప్పి ఎరగని మనిషి. చిన్నప్పుడు చేయి పట్టుకుని బడికి తీసుకుపోయిన అన్న. అన్నను చూశాడు, భార్యను చూశాడు, చివరికి తల దించుకుని, "వద్దే అన్నా" అన్నాడు. అంతే. ఆ రెండు ముక్కలు అనడానికి వాడికి ఎంత కష్టమైందో అన్నకూ తెలుసు.

సిద్దిరాములు తనే వైరు తెచ్చి తగిలించి, కొత్త మోటరు స్టార్టరు దగ్గరికి పోయాడు. చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఈ బోరు ఏసిన నాడు రాత్రి పొద్దంత రాయే వచ్చింది" అన్నాడు, ఎవరితోనో కాదు, ఇనుప మూతతో. "తెల్లగ, పిండి లెక్క. తెల్లారి మా నాయిన ఆ పిండిల కూసొని ఏడ్చిండు. ఆ ఏడుపు యిన్నంకనే మస్కట్ పోయిన. ఈ బోరుల నుంచి నీళ్లు తెప్పియ్యాలె అని ఒక్కటే పట్టు." వనజ వైపు తిరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "నా చేతుల మీద ఊరికి నీళ్లొచ్చినయి అనుకున్న బిడ్డా. అంగన్‌వాడీ గోడ గూడ నా చేతుల మీదనే కూలిందా? పోరగాండ్లు లోపలుంటే ఏమవుతుండె?"

వనజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన్ను గెలిచినందుకు ఆమెకు ఏ సంతోషమూ లేదు.

సిద్దిరాములు నడుస్తున్న పాత మోటరు ఆపేశాడు.

మోత ఆగిపోయాక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఆ చప్పుడులోనే బతికారు గనక అది లేకపోతే ఎలా ఉంటుందో మరిచిపోయారు. "మూత ఇప్పు" అన్నాడు సిద్దిరాములు. వెంకటి బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు. లోపల బిగబట్టి ఉన్న నీళ్లు బుస్సుమని మనిషెత్తున ఎగిసి, చుట్టూ ఉన్నవాళ్లను తడిపి, బంతిపూలను చెల్లాచెదురు చేసి, నెమ్మదిగా తగ్గిపోయాయి. కురిసిన నీళ్లలో జనం కేకలు పెట్టారు. ఎవరో డప్పు కూడా కొట్టారు.

"పీడ బోయింది" అన్నారు. "పోనీ తియ్, యాసంగికి ఉన్న నీళ్లతోనే ఎల్లదీద్దాం, పానాలుంటె చాలు" అన్నారు. ఒకరిద్దరు నీళ్ల గురించి గొణిగారు గాని, ఆ సంతోషంలో ఎవరూ వినిపించుకోలేదు. గంగమణి వచ్చి వనజ చెయ్యి పట్టుకుంది. తడిసిన చేతులు చలికి గడగడ వణుకుతున్నాయి.

"ఇగ లోపల పండుకోవచ్చా బిడ్డా? బయట సలికి కీళ్లు బిగుసుకుపోతున్నయి. నువ్వు చెప్తే పోతం."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె నోటి వైపే చూస్తున్నారు. పొద్దున్నుంచీ ఏమీ తినని మనిషి, కొండంత బరువు దించుకున్న మనిషి, జీవితంలో మొదటిసారి ఊరంతా తన మాట కోసం ఆగితే చూసిన మనిషి. నేను ఆమెను తప్పు పట్టను. మీరూ పట్టొద్దు.

"భయం లేదవ్వా" అంది వనజ. "మోటరే బందాయె. ఇగ ఎవల ఇండ్లల్ల వాళ్లు పండుకోన్రి."

అంతే, ఊరు ఒక్కసారిగా కదిలింది. మంచాలు లేచాయి, పరదాలు దిగాయి, పొయ్యిల మీది గిన్నెలతో సహా లోపలికి చేరాయి. పండుగలా ఉంది. వెంకటి తమ కూతురు అనిలను భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. ఆ పిల్లకు తన మంచం, తన గోడ మీది బొమ్మలు గుర్తొచ్చి, తండ్రి భుజం మీదే కబుర్లు మొదలుపెట్టింది. సిద్దిరాములు మాత్రం కదల్లేదు. తడి నేల మీద, ఊడదీసిన మూత పక్కన కూర్చుండిపోయాడు.

ఈ మంచి కబురు నిహారికకు చెప్పకుండా వనజ ఉండగలదా? ఎర్రకుంటలో ఫోను సరిగ్గా తగిలేది అంగన్‌వాడీ అరుగు మీదే. అక్కడ నిలబడి జరిగిందంతా చెప్పింది. చెబుతూ మధ్యలో నవ్వింది కూడా. అటువైపు నుంచి శభాష్ అని వస్తుందనుకుంది. ఏమీ రాలేదు.

"మేడం? యినవడుతున్నదా?"

"ఆపేశారా? ఇవాళే? ఒక్కసారిగానా?"

"ఔ మేడం. మూత గూడ ఇప్పిండ్రు."

"ఆపడం మంచిదే. ఎప్పటికైనా ఆపాల్సిందే." నిహారిక మాటలు తొందరపడుతున్నాయి. "కాని ఇన్ని రోజులుగా లోపలికి తోసిన ఒత్తిడి మూత తీసినంత మాత్రాన బయటికి వచ్చేయదు. పైన ఉన్నదే వస్తుంది. కింద రాతిలోకి పాకింది ఇంకా పాకుతూనే ఉంటుంది. వేరే దేశాల్లో ఇలా చూశాం. తోయడం ఆపాకే, ఒక్కోసారి అన్నిటికన్నా పెద్దది వచ్చింది. వస్తుందని కాదు. రావచ్చు. ఈ కొన్నాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మీవాళ్లు బయటే పడుకుంటున్నారు కదా అని ఇందాక నేను ఆ మాట ఎత్తలేదు. బయటే ఉన్నారు కదా?"

వనజ అరుగు మీంచి ఊరి వైపు చూసింది. చీకటి పడుతోంది. వాకిళ్లన్నీ ఖాళీ. ఒక్కొక్క ఇంట్లో దీపం వెలుగుతోంది, ఒక్కొక్క తలుపు మూసుకుంటోంది. ఇన్నాళ్లకు మళ్లీ ఊరంతా గోడల మధ్యకు చేరింది. పంపింది ఎవరు? తనే.

ఫోను ఎక్కడ పడేసిందో తెలియదు. చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు. "బయటికి రాండ్రి!" అని అరుస్తూ వాడలోకి పడింది. వాడ మొదట్లో గంగమణి ఇల్లు. వాడ చివర తన ఇల్లు, అందులో తన పిల్ల. కాళ్లు చివరికే లాగాయి. కాని లోపలికి పొమ్మని గంగమణికి చెప్పింది తను. తలుపు బాదింది.

"అవ్వా, బయటికి రా! జల్ది రా!"

"నీకేమన్న పిచ్చి లేసిందా? నువ్వే గద పొమ్మంటివి!" లోపలి నుంచి గంగమణి గొంతు, నిద్రమత్తు కాదు, విసుగు. "గిప్పుడే కాళ్లు సాపిన."

"తప్పు చెప్పిన అవ్వా. నాకు తెల్వక చెప్పిన. మోటరు ఆగినంక గూడ పెద్దది వస్తదట. నీ కాళ్లు మొక్కుత, రా!"

తలుపు తెరుచుకునేదాకా నిలబడలేదు. పక్క ఇల్లు, దాని పక్క ఇల్లు. కొందరు దుప్పట్లతో సహా తిట్టుకుంటూ వచ్చారు. కొందరు తలుపు సందులోంచి చూసి, "ఓసారి రాండ్రి అంటది, ఓసారి పోండ్రి అంటది" అని మళ్లీ మూసుకున్నారు. బోరు దగ్గర ఒంటరిగా కూర్చున్న సిద్దిరాములు ఆ అరుపులు విని లేచాడు. ఏమిటని అడగలేదు. మరదలి గొంతు విన్నాడు, అది చాలు. అవతలి వాడలో తలుపులు కాళ్లతో తన్నుకుంటూ, పేరు పేరునా పిలుస్తూ ఉరికాడు.

వనజ వాడ చివరికి చేరింది. ఊపిరి ఆడడం లేదు. తన ఇంటి తలుపు మూసి ఉంది. లోపల వెంకటి ఏదో చెబుతుంటే అనిల పకపకా నవ్వుతోంది.

"వెంకటీ!" అని చెయ్యెత్తింది తలుపు మీద కొట్టడానికి.

చెయ్యి ఇంకా తలుపును తాకనే లేదు. తలుపు దానంతటదే దడదడలాడడం మొదలుపెట్టింది.